గంప దించే చోటు



రైతు బజారుకు మొదటిసారి వెళ్లేవాళ్లు గేటు దాటగానే ధరల బోర్డు ముందు ఒక్క నిమిషం ఆగాలి. టమేటా ఇంత, వంకాయ ఇంత, బీరకాయ ఇంత అని ఆనాటి రేట్లు దాని మీద రాసి ఉంటాయి. చాలామంది దాన్ని చూడకుండానే లోపలికి నడిచిపోతారు. ఆ బజారు ఎందుకు పుట్టిందో తెలియాలంటే మాత్రం మొదట చూడవలసింది ఆ బోర్డునే. వీధిలో తోపుడుబండి మీద ధర అమ్మేవాడి నోట్లో ఉంటుంది. కొనే మనిషిని బట్టి, పొద్దును బట్టి మారుతుంది. ఇక్కడ అది పొద్దున్నే ఖాయమై బోర్డెక్కుతుంది. డాక్టరు గారికైనా, రోజుకూలికి వెళ్లే ఆమెకైనా అదే ధర.

తిరుపతిలో రాయలచెరువు రోడ్డులోని రైతు బజారునే తీసుకుందాం. గుంటూరు నుంచో విజయనగరం నుంచో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఒకతె, స్నేహితురాళ్లతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని, సొంతంగా వండుకోవడం మొదలుపెట్టిందనుకోండి. ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని అక్కడికి వచ్చింది. ఆమెకు మొదట వినపడేది పిలుపు. "రా మా, లేత బెండకాయ మా, పొద్దన కోసిందే మా" అంటుంది ఒక పెద్దామె. వయసుతో పని లేకుండా ఈ సీమలో ఆడపిల్లలందరూ "మా"లే. ఉల్లిని ఎర్రగడ్డలని, వెల్లుల్లిని తెల్లగడ్డలని, బంగాళదుంపలను ఉర్లగడ్డలని పిలవడం ఆ అమ్మాయికి మొదటి వారం తికమకగా ఉంటుంది. రెండో వారానికి ఆమె కూడా "ఎర్రగడ్డ ఎంత?" అనే అడుగుతుంది.

ఆమె బేరం ఆడబోతే పెద్దామె బోర్డు వైపు చెయ్యి చూపిస్తుంది. "ఆడ రాసిండే రేటే మా, నేను చెప్పేదేం లే." ఆ మాటలో విసుగు లేదు, ధీమా ఉంది.

ఆ ధీమా వెనక ఒక పద్ధతి ఉంది. బజారును చూసుకోవడానికి ఎస్టేట్ ఆఫీసరు ఉంటారు. దగ్గరలోని టోకు మార్కెట్టులో ఆ రోజు పలికిన ధర తెప్పించుకుని, రైతుల కమిటీతో కూర్చుని, రేటు తేలుస్తారు. టోకు ధరకు సుమారు పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధరకు సుమారు పాతిక శాతం తక్కువ ఉండాలన్నది ఈ బజార్లు పెట్టినప్పటి లెక్క. ఉదాహరణకు మండీలో వంకాయ కిలో 20 రూపాయలు పలికింది, వీధిలో 33 అమ్ముతున్నారు అనుకుంటే, బజారులో అది 25 దగ్గర నిలుస్తుంది. రైతుకు కిలోకు ఐదు రూపాయలు ఎక్కువ వస్తాయి, కొనేవాళ్లకు ఎనిమిది మిగులుతాయి. పదమూడు రూపాయలు నడుమ చేతుల్లోకి పోకుండా ఈ ఇద్దరూ పంచుకున్నారన్నమాట. కొట్టుకు రైతు బాడుగ కట్టక్కర్లేదు. తూకానికి కాటా బజారువాళ్లే ఇస్తారు. అందుకే ఆ లెక్క కుదురుతుంది.

నడుమ చేతులంటే ఎవరూ దొంగలని కాదు. మండీ యజమాని, టోకు వ్యాపారి, లారీ వాడు, చిల్లర కొట్టు, చివరికి తోపుడుబండి, ఎవరి ఖర్చు వాళ్లకుంది. కుళ్లిపోయే సరుకు కాబట్టి ప్రతివాడూ నష్టాన్ని ముందే లెక్కగట్టి తన వాటా వేసుకుంటాడు. 2024 అక్టోబరులో భారతీయ రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయన పత్రం చెప్పిన దాని ప్రకారం, మనం టమేటాకు పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లికి 36, ఉర్లగడ్డకు 37. విత్తనం, ఎరువు, మందు, కోతకూలి అన్నీ ఆ మూడో వంతులోంచే రావాలి.

మన రాష్ట్రంలో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. అంతకు రెండు మూడు నెలల ముందే దేశమంతా ఉల్లిపాయ ధరతో అల్లాడింది. 1998 నవంబరులో ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోవడానికి ఉల్లి ధర కూడా ఒక కారణమని అందరూ చెప్పుకున్నారు. అప్పుడు మన ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడిది ఈ ప్రాంతమే, చంద్రగిరి దగ్గరి నారావారిపల్లె. పంజాబులో 1987లో మొదలైన 'అప్నీ మండీ' అప్పటికే కళ్లముందున్న నమూనా. ఇక్కడ రూపొందించిన పథకంలో ఒక్కో బజారుకు చుట్టుపక్కల పది పదిహేను పల్లెల్లో కనీసం 250 మంది కూరగాయల రైతులను ముందే గుర్తించాలన్నారు. ఆర్టీసీ బస్సుల్లో గంపలతో సహా రైతులు వచ్చేలా ఏర్పాటు చేయాలన్నారు. ఆ సంవత్సరమే నవంబరు 14న తమిళనాడు ప్రభుత్వం మదురైలో 'ఉళవర్ సందై' తెరిచింది. వైద్యానికి రాయవేలూరు వెళ్లివచ్చే చిత్తూరు వాళ్లలో కొందరు అక్కడి సందైలో కూరగాయలు కొనే ఉంటారు.

ఇదే కథ అంతకు తొంభై ఏళ్ల ముందే అమెరికాలోనూ జరిగింది. సియాటిల్ నగరంలో 1906, 1907 మధ్య ఉల్లిపాయ ధర పదింతలు పెరిగింది. పెరిగిన సొమ్ము రైతుకు చేరలేదు, జనం దళారుల మీద మండిపడ్డారు. నగర కౌన్సిల్ సభ్యుడు థామస్ రెవెల్ పట్టుబట్టి, రైతులే బండ్లు తోలుకొచ్చి నేరుగా అమ్మే చోటు ఒకటి పెట్టించారు. 1907 ఆగస్టు 17న వాన పడుతున్నా కొనేవాళ్లు వేలల్లో వచ్చారు. వచ్చిన బండ్లు పదికి మించలేదు, మధ్యాహ్నం కాకముందే అన్నీ ఖాళీ. అదే పైక్ ప్లేస్ మార్కెట్. కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో అక్కడున్న తిరుపతి తల్లిదండ్రులు ఎందరో దాన్ని చూసి, ఫొటోలు దిగి వచ్చారు. దాని పుట్టుక మన రైతు బజారు పుట్టుకలాంటిదేనని తెలిస్తే, ఇంటి దగ్గరి బజారును ఇంకొంచెం గౌరవంగా చూస్తారు.

ఇక లోపల ఎవరి దగ్గర కొనాలి? ఇది తెలియకపోతే రైతు బజారుకు వెళ్లినా వెళ్లనట్టే.

రైతు దగ్గర రకాలు తక్కువుంటాయి. ఒకామె ముందు బెండ, గోరుచిక్కుళ్లు, నాలుగు సొరకాయలు, పక్కన ఒక గోనెసంచి మీద తోటకూర కట్టలు. అంతే. ఆమె ఎకరాలో ఆ పూట తయారైనవి అవి. కాయలన్నీ ఒక్క సైజులో ఉండవు. ఒకటి వంకర, ఒకటి పొట్టి. క్యారెట్టు, క్యాలీఫ్లవరు, క్యాప్సికం, ఎర్రగడ్డ, మునక్కాయ అన్నీ రాశులుగా పోసి, అన్నీ ఒకే తీరుగా మెరుస్తుంటే, అది టోకు మార్కెట్టు నుంచి వచ్చిన సరుకు. స్థానికంగా తక్కువ పండే ఎర్రగడ్డల వంటివి మహిళా సంఘాల ద్వారా అమ్మించే వీలు మొదటి నుంచీ ఉంది, అందులో తప్పు లేదు. కర్నూలు ఎర్రగడ్డ లేకుండా తిరుపతిలో ఏ ఇంటి వంటా సాగదు. కానీ రైతు పేరున కార్డు పెట్టుకుని వ్యాపారి కూర్చుంటే, పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చిన అసలు రైతు గేటు బయట ఎండలో గంప దించుకోవలసి వస్తుంది. ఇది కొన్ని బజార్లలో పాతుకుపోయిన జబ్బు. అధికారుల తనిఖీ ఎంత అవసరమో, కొనేవాళ్ల కన్ను అంతకంటే ఎక్కువ అవసరం.

అడగడానికి మొహమాటపడక్కర్లేదు. "ఏ ఊరు మీది? ఎప్పుడు కోసినారు? ఏం విత్తనం పెట్టినారు?" ఈ మూడూ అడిగితే చాలు. పండించినవాళ్లు నవ్వుతూ చెబుతారు, అడగనివి కూడా చెబుతారు. వానకు పూత రాలిపోయిన సంగతి, పురుగు పడిన సంగతి, మోటారు కాలిపోయిన సంగతి. పండించనివాళ్లు "తీసుకుంటావా లేదా?" అంటారు. తూకం వేసేముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూసుకోవడం, చిల్లర దగ్గర ఉంచుకోవడం, ఏడులోపు వెళ్లడం, ఇవన్నీ ఒకసారి వెళితే వాటంతటవే అలవాటవుతాయి.

రాయలచెరువు రోడ్డు అన్న పేరు వెనక కూడా వ్యవసాయమే ఉంది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు విజయనగర రాజుల నాటిది. కొండల మధ్య కట్ట వేసి నీళ్లు నిలిపి, కింద పల్లెలను సాగుకు తెచ్చారు. 2021 నవంబరులో కురిసిన వానలకు ఆ కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. స్వర్ణముఖి నది పొంగింది, తిరుపతి వీధులు మునిగాయి. అదే నెలలో టమేటా కిలో వంద రూపాయలు దాటింది. పొలంలో నీళ్లు నిలిచిన సంగతి ఊళ్లోవాళ్లకు ధరల బోర్డు చూశాకే తెలిసింది.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ నెలలో వెళితే బాగుంటుందని అడిగితే, ఈ ప్రాంతం వాళ్లు తడుముకోకుండా చెప్పేది చలికాలం. ఎందుకంటే అప్పుడు అనపకాయలు వస్తాయి. కార్తీకం దాటగానే గంపల్లో పచ్చగా, కొంచెం జిడ్డుగా, ఘాటైన వాసనతో దిగుతాయి. మంచు తగిలితేనే ఆ వాసన గట్టిపడుతుందని పల్లెల్లో నమ్మకం. జిడ్డు చేతికి అంటేదే మంచి కాయ. సంక్రాంతి దాకా చిత్తూరు, తిరుపతి ఇళ్లలో ఇదే కూర, ఇదే చారు, ఇదే సాంబారు. గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, ఒక్కో గింజను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కుతారు. పొట్టు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. అదే పితికిపప్పు. తెల్లగడ్డ, కొబ్బరి, ధనియాలు నూరిపోసి వండిన పితికిపప్పు కూర, పక్కన వేడి రాగిసంగటి. దానికి సాటి వచ్చే తిండి ఈ సీమలో ఇంకొకటి లేదని గట్టిగా చెప్పవచ్చు. నూనెలో వేయించి, ఉప్పూ కారం చల్లి, డబ్బాలకెత్తి బెంగళూరు, హైదరాబాదు పిల్లలకు పంపేవాళ్లూ ఉన్నారు. మిగతా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త. చదువుకోవడానికి వచ్చిన ఆ అమ్మాయి ఒక కిలో కొంటే, అమ్మే పెద్దామే ఎట్లా వండాలో మొత్తం చెప్పి పంపుతుంది. ఏ సూపర్ మార్కెట్టు బిల్లు మీదా ఆ పాఠం రాదు.

వర్షాకాలం చివర పచ్చి చెనక్కాయలు వస్తాయి. మట్టి ఇంకా అంటుకుని ఉండగానే కొని ఉప్పు వేసి ఉడకబెట్టుకోవాలి. ఈ పంటకు తిరుపతిలోనే పెద్ద పరిశోధన చరిత్ర ఉంది. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి 'నారాయణి', 'కాళహస్తి', 'ధరణి' వంటి వేరుశనగ రకాలు రైతుల పొలాలకు వెళ్లాయి. వాన ఆలస్యమైనా కొంతకాలం బెట్టను ఓర్చుకునేది 'ధరణి'. చింతచిగురు, సీతాఫలాలు, నేరేడు పళ్లు, గట్ల మీద మొలిచే సిర్రాకు, చెంచలాకు, ఇవి బోర్డు మీద లేకపోయినా ఏదో ఒక మూల ఎవరో ఒక ముసలామె ముందు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో కళ్లతో వెతుక్కోవాలి.

వేసవిలో మామిడి. చిత్తూరు వాళ్లు బేనీషా అనే పండును మిగతావాళ్లు బంగినపల్లి అంటారు. దామలచెరువు, బంగారుపాళెం మార్కెట్లు ఆ నెలల్లో లారీలతో కిక్కిరిసిపోతాయి.

ఇంతవరకూ చెప్పింది రైతు బజారు చేయగలిగిన మేలు. చేయలేనిదీ ఒకటుంది. అది చెప్పకపోతే మాట సగమే అవుతుంది.

మదనపల్లె టమేటా మార్కెట్టు పేరు దేశమంతటికీ తెలుసు. అక్కడి నుంచి ఎన్నో రాష్ట్రాలకు లారీలు వెళతాయి. 2023 జూలై చివర్లో అక్కడ మొదటి రకం టమేటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ఎండలకు, తెగుళ్లకు దిగుబడి పడిపోవడం, ఇతర ప్రాంతాల్లో పంట లేకపోవడం కారణాలు. ఆ రోజుల్లో ప్రభుత్వం టమేటా కొని, రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. జనం బారులు తీరారు. ఆ కొన్ని వారాలు రైతు బజారు కొనేవాళ్లకు దిక్కయింది. సెప్టెంబరు వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. రాయలసీమలో కోతకూలి కూడా రాని ధరలకు విసిగి కొందరు రైతులు టమేటాను రోడ్డు పక్కన పారబోశారు. మరి అప్పుడు అదే బజారు రైతుకు ఎందుకు దిక్కు కాలేదు?

కట్టెలు నాటి, పురికొస కట్టి, డ్రిప్పు, మల్చింగ్ షీటు పరిచి రెండు మూడెకరాల్లో టమేటా పెట్టిన రైతుకు కోత మీద కోత వందల బాక్సులు వస్తాయి. ఒక రైతు బజారులో ఒక కొట్టు ముందు ఒక పూటలో అమ్ముడుపోయేది కొద్ది బాక్సులే. మిగతావి మండీకి పోవాల్సిందే, మండీలో పాట ఎంత పలికితే అంతే. తోతాపురి మామిడిదీ అదే గతి. దాన్ని పండుగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు తక్కువ, ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే. 2025 వేసవిలో ఫ్యాక్టరీలు ధర తగ్గించేసరికి చిత్తూరు రైతులు వాకిళ్ల దగ్గర ట్రాక్టర్లతో నిలబడ్డారు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖరారు చేసి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తాను ఇస్తానని చెప్పవలసి వచ్చింది. రైతు బజారు బోర్డుకు ఇలాంటి చోట ఎంతమాత్రం బలం లేదు. ఒకే పంట ఒక్కసారిగా పోటెత్తే చోట శీతల గిడ్డంగి, గుజ్జు ఫ్యాక్టరీ, రవాణా, మద్దతు ధర కావాలి. అది వేరే పోరాటం.

రైతు బజారు ఎవరిది అంటే, గంపరైతుది. అరెకరాలో నాలుగు రకాలు పెట్టి, రోజు విడిచి రోజు కోసి, తనే మోసుకొచ్చి, తనే అమ్మే మనిషిది. ఒక కాయ ధర పడినా ఇంకో కాయ కాపాడుతుంది. కోసి అమ్మిన ప్రతిరోజూ చేతికి డబ్బు వస్తుంది. వీళ్లలో ఆడవాళ్లు చాలామంది. చంద్రగిరి వైపు నుంచి, రామచంద్రాపురం, వడమాలపేట వైపు నుంచి పట్నానికి వచ్చిపోయే ఈ చిన్న సాగును నిలబెట్టడం కోసమే ఆ కొట్లు. అందుకే వ్యాపారులు వాటిని ఆక్రమిస్తే ఊరుకోకూడదు. అందుకే బోర్డు ధరకు కూడా రూపాయి తగ్గించమని బతిమాలడం అన్యాయం. ఆ ధరలో కొనేవాళ్ల వాటా ముందే తగ్గించి ఉంది.

ఈమధ్య కొందరు కొనేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు, మందు కొట్టారా అని. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం రాష్ట్రమంతా పాకింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వారి మానవతా బహుమతిలో భాగం దక్కింది. తిరుమలలో 2021 మే నుంచి స్వామి నైవేద్యానికి గో ఆధారిత సాగులో పండిన బియ్యం వాడడం మొదలైంది. ఆ వార్త విన్న తిరుపతి గృహిణి తన ఇంటికీ అలాంటి పంట కావాలనుకోవడం సహజం. జీవామృతం వాడి పండించిన రైతు కాయ కొంచెం చిన్నదిగా, మచ్చతో ఉండవచ్చు. మచ్చను చూసి పక్కన పెట్టేసే కొనుగోలుదారే ఆ రైతును మళ్లీ మందుల కొట్టుకు పంపుతున్నాడు.

చివరగా, చుట్టుపక్కల పల్లెల్లో కూరగాయలు పెట్టే రైతులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకొక మాట. బజారులో అమ్ముకోవడానికి గుర్తింపు కార్డు కావాలి. దానికి దగ్గరి రైతు బజారు ఎస్టేట్ ఆఫీసరును కలవాలి. ఉద్యాన, రెవెన్యూ సిబ్బంది పొలం చూసి, ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో నిర్ధారించుకుని, రైతు ఫొటోతో కార్డు ఇస్తారు. దాన్ని ఇంకొకరికి అద్దెకిచ్చే పని పెట్టుకోవద్దు. పంట చేతికొచ్చాక పరుగెత్తేకన్నా విత్తనం పెట్టకముందే ఒకసారి బజారుకు వచ్చి, వచ్చే రెండు మూడు నెలల్లో అక్కడ ఏ కాయకు కొరత పడుతోందో అడిగి తెలుసుకుంటే, బీర, కాకరకు పందిరి వేయాలా, గోరుచిక్కుళ్లు పెట్టాలా, ఓ పక్క నాలుగు సాళ్లు అనపకు వదలాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. బజారు తెల్లవారుజామునే తెరుస్తారు.